సత్యేంద్రనాథ బోసు

సత్యేంద్రనాథ బోసు 1894వ సంవత్సరము జనవరి 1వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు గణితమన్న మిక్కిలి ప్రీతి. ప్రెసిడెన్సీ కళాశాలలో మేఘనాథ సాహా ఆయనకు సహాధ్యాయి. 1915లో ఎం.ఎస్‌సి. పరీక్షయందు బోసు ప్రథముడుగను, సాహా ద్వితీయుడుగను ఉత్తీర్ణులైరి.

1921లో బోసు ఢాకా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. వేడెక్కిన వస్తువు వెదజల్లు కాంతిని గూర్చి జర్మను శాస్త్రజ్ఞుడు ప్లాంకు 1900లో ఒక సూత్రమును కనుగొనియుండెను. సూత్రము సరియైనదే, కాని దాని నిరూపణమున పాత సిద్ధాంతమును, క్రొత్త భావమును పొసగని రీతిగ కలిసియుండుట బోసునకు తృప్తి కలిగింపలేదు. కాంతి కణములను లెక్కించుటచేతనే ఆ సూత్రమును సాధింపవలెనని ఆయన పూనుకొనెను.

రెండు గోళీలను రెండు పెట్టెలలో వేయవలెననుకొనుడు. ఒకటి ఎఱ్ఱనిది, ఒకటి నల్లనిది యైనచో నాలుగు విధములుగ వేయవచ్చును. రెండింటికిని ఏ భేదమును లేనిచో మూడే విధములు. కాంతి కణములు ఇట్టివే. వానిని వేఱుపఱచి గుర్తించుటకు వీలులేదు. ఇట్లు లెక్కింపగా ప్లాంకు సూత్రము సిద్ధించెను.

బోసు ఈ వ్యాసమును ఇంగ్లండులోని ఒక పత్రికకు పంపెను. అది ప్రచురింపబడలేదు. అప్పటికి ఆయన 30 ఏండ్లవాడు. పాశ్చాత్య దేశములలో ఆయన పేరెఱిగినవారు అరుదు. అయినను నిరుత్సాహపడక, 1924 జూన్ 4వ తేదీన దానిని ఐన్‌స్టీనునకే పంపి, తగినదని తోచినచో ప్రచురింపజేయుమని వినయముతో వేడుకొనెను. ఐన్‌స్టీను దాని విలువ గుర్తించి, స్వయముగా జర్మను భాషలోనికి అనువదించి ప్రచురింపజేసెను.

పిమ్మట ఐన్‌స్టీను ఆ లెక్కను పదార్థ కణములకును వర్తింపజేసెను. మిక్కిలి చల్లబఱచినచో అసంఖ్యాకములగు కణములు ఒకే స్థితిలో చేరి ఒక్కటిగా మెలగునని తేలెను. దీనికే బోసు-ఐన్‌స్టీను సంఘననమని పేరు.

మాతృభాషలో విజ్ఞానమును వ్యాపింపజేయుటకై బోసు 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించెను. 1954లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము లభించెను. 1974 ఫిబ్రవరి 4వ తేదీన ఆయన దివంగతుడయ్యెను.

పరమాణు వాయువులలో ఆ సంఘననమును చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1995లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు రుబిడియం పరమాణువులతో దానిని సాధించిరి. 2006లో ఐరోపా శాస్త్రజ్ఞులు ఒక అర్ధవాహక స్ఫటికమున, కాంతియు పదార్థమును కలిసి ఏర్పడిన పోలారిటానులను కణములతో దానిని చూపిరి. పోలారిటానులలో శక్తి కాంతిరూపమునకును, పదార్థరూపమునకును నడుమ ఉయ్యాలవలె ఊగగలదు. అట్టి రెండు సంఘననములను చేరువగా నుంచినచో కణములు ఒకదానినుండి వేఱొకదానికి పోవుచు వచ్చుచు నుండును. ఇట్లు మెలగు కణములకెల్ల బోసానులని పేరు.

ఒక పత్రిక ప్రచురింపని వ్యాసమును బోసు నాడు పెట్టెలో దాచియుంచలేదు. కావుననే ఆయన పేరు నేడు ప్రపంచ విజ్ఞాన గ్రంథములలో నిలిచియున్నది.