ఆత్మశోధకుడైన బెంజమిను ఫ్రాంక్లిను

మన సంఘ వార్షిక మహాసభ సంచికకు యువజనుల కుపయోగపడు జీవితచరిత్రము నొకదానిని వ్రాసి పంపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పెద్దలలో మహనీయులు లేకపోలేదు. అయినను నేనీతూరి యొక పరదేశీయుని, అందును చేతిపనివాని కుమారుని, ఎన్నుకొంటిని. కారణము చెప్పెదను. ఈ దినములలో మన పిల్లలు చదువులకును ఉద్యోగములకును మహాపట్టణములు చేరుచున్నారు. జీతములకు లోపము లేకున్నను మనసు నిలుకడగా లేదనియు, రాత్రి నిద్రపట్టుట లేదనియు, మొదలుపెట్టిన పని కొనసాగుట లేదనియు సెలవులకు వచ్చినపుడు నాతో మొఱపెట్టుకొనుచుందురు. వారికి ఉపదేశముల కొదువ లేదు. తెల్లవారి లేచి చేయదగిన పని యేదియో చెప్పువారే అరుదు. మనస్సును చక్కబెట్టుకొనుటయు నేతవలె, వడ్రంగమువలె నేర్వదగిన పనియే యని తలంచి, దానికి కావలసిన పనిముట్లను తానే కల్పించుకొని, వానిని వాడుటలో తానెక్కడ తప్పిపోయెనో గూడ దాచక వ్రాసిపెట్టినవాడు బెంజమిను ఫ్రాంక్లిను.

ఈతడు 1706 సం. జనవరి 17 తేదీన ఉత్తర అమెరికాలోని బోస్టను పట్టణమున జన్మించెను. ఆ కాలమున ఆ సీమ ఇంగ్లండు యేలుబడిలో నుండెను. తండ్రి ఇంగ్లండునుండి వలసవచ్చి, పశువుల క్రొవ్వు కాచి వత్తులును సబ్బును చేసి అమ్ముకొని కుటుంబమును పోషించుచుండెను. ఆయనకు ఇద్దరు భార్యలయందు 17గురు సంతానము. అందు బెంజమిను 15వ వాడు, మగపిల్లలలో కడగొట్టువాడు. తండ్రి యీతనిని మతాచార్యుని చేయదలచి బడికి పంపెను గాని వ్యయమునకు తాళలేక రెండేండ్లకే మాన్పించెను. పదియవయేట బడిచదువు ముగిసినది. క్రొవ్వు కాచు పని బాలునకు గిట్టలేదు. ఓడ లెక్కి పాఱిపోవునేమో యని వెఱచి, తండ్రి యీతనిని 12వ యేట అన్నయగు జేమ్సు నడుపుచున్న అచ్చుకూటమున, 21 ఏండ్లు నిండువఱకు పని నేర్చుకొనునట్లు ఒడంబడిక వ్రాయించి యప్పగించెను.

అచ్చుకూటమే యాతనికి కళాశాల యయ్యెను. పుస్తకముల అంగళ్లలో పనిచేయు కుఱ్ఱవాండ్రతో స్నేహముచేసి, సాయంకాలము పుస్తకము నెరవు తెచ్చుకొని, రాత్రి మేలుకొని చదివి, తెల్లవారకమునుపే మాయకుండ మరల చేర్చుచుండెను. 16వ యేట మాంసాహారమును మాని, తన భోజనమునకగు సొమ్ములో సగము తనకిచ్చినచో తానే వండుకొందునని అన్నతో నొడంబడి, ఆ సగములోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. వాక్యరచన నేర్చిన విధము ఉపాధ్యాయులు గమనింపదగినది. స్పెక్టేటరు అను ఆంగ్లపత్రికా సంపుటము నొకదానిని సంపాదించి, అందలి వ్యాసములలోని భావములను క్లుప్తముగా గుర్తువేసికొని, కొన్ని దినములైన పిమ్మట పుస్తకము చూడక తన మాటలతో వ్యాసమును మరల వ్రాసి, మూలముతో సరిచూచుకొనును. ఒక్కొక్కప్పుడు వచనమును పద్యముగా మార్చి, అది మఱచిన పిమ్మట తిరిగి వచనముగా మార్చును. మన ప్రాచీనవిద్యలో శ్లోకమున కన్వయము చెప్పించి, పిమ్మట పుస్తకము మూయించి తాత్పర్యము వ్రాయించు పద్ధతి దీనికి దగ్గఱి చుట్టమే. భేదమేమనగా, ఈ బాలునకు గురువు లేడు. దిద్దినవాడును తానే, దిద్దబడినవాడును తానే. ఈ యలవాటే పిమ్మట మనస్సును దిద్దుకొనుటకు దారిచూపినదని నా తలంపు.

అన్న కోపిష్ఠి, కొట్టుచుండెను. తమ్ముడును నోరు మెదపక పడువాడు కాడు. 17వ యేట, 1723లో, ఒడంబడికను త్రెంచుకొని పాఱిపోయి ఫిలడెల్ఫియా పట్టణము చేరెను. పడవ దిగి మూడు రొట్టెలు కొని, రెండు చంకల రెండిడుకొని, మూడవది తినుచు వీధిలో నడచుచుండగా ఒక యింటి వాకిట నిలిచి చూచి నవ్విన డెబొరా రీడు అను కన్యయే తరువాత నాతని యిల్లాలయ్యెను. ఆ రాష్ట్ర గవర్నరు అచ్చుకూటము పెట్టించెదనని నమ్మించి, యంత్రములు కొనుటకై 1724లో లండనునకు పంపెను. అక్కడ దిగిన పిదప చూడగా పరిచయలేఖయు లేదు, సొమ్మును లేదు. 18 ఏండ్ల యువకుడు పరదేశమున నిరాధారుడై నిలిచెను. ఇట్టి ద్రోహమునకు క్రుంగిపోవువారే పెక్కుమంది. ఈతడు వెంటనే ఒక అచ్చుకూటమున కూలికి కుదిరెను గాని, తానును ఆ యేండ్లలో స్నేహితుని ధనమును వాడుకొనుట, డెబొరాకు ఒక్క యుత్తరము తప్ప వ్రాయకుండుట మొదలగు తప్పులు చేసెను. అచ్చుపనివాడు గనుక వానిని అచ్చుతప్పులని పేర్కొనెను. 1726లో తిరిగి వచ్చుచు ఓడలో తన నడవడికి కొన్ని నియమములు వ్రాసికొనెను.

1727లో కొందఱు చేతిపనివారిని, గుమాస్తాలను కూర్చుకొని జంటో అను చిన్న సంఘము నేర్పఱచెను. ప్రతి శుక్రవారము సాయంకాలము కూడి చర్చించుట. ఎదుటివానిని ఖండించుచు మూర్ఖముగా మాటలాడిన వానికి స్వల్పమైన జుల్మానా. ఆ కూటమునుండియే 1731లో చందాదారుల గ్రంథాలయము పుట్టెను. 50 మంది తలకు 40 షిల్లింగులు వేసికొని పుస్తకములు తెప్పించుకొనిరి. మన సంఘమువారు ఈ భాగమును మఱియొకసారి చదువుదురు గాక.

ఆతనికి ఇరువదియైదేండ్లు దాటిన పిమ్మట ఒక సాహససంకల్పము కలిగెను. ఏ తప్పును చేయకుండ జీవింపవలెనని. అరిషడ్వర్గమును జయింపుమని మన శాస్త్రములు చెప్పినవి. ఆతని మతగ్రంథములును అట్లే చెప్పినవి. ఆతడు చేసిన క్రొత్తదనమెల్ల లెక్కవ్రాయుటయే. పదమూడు గుణముల నేరెను: మితాహారపానములు, మితభాషణము, క్రమము, దృఢసంకల్పము, మితవ్యయము, పరిశ్రమ, నిష్కాపట్యము, న్యాయము, అతివర్జనము, శౌచము, మనశ్శాంతి, ఇంద్రియనిగ్రహము, వినయము. ఒక్కొక్కదానికి ఒకటి రెండు చిన్న వాక్యములలో అర్థము చెప్పుకొనెను. మనశ్శాంతి యనగా అల్పవిషయములకును, తప్పింపరాని కష్టములకును కలతపడకుండుట. అతివర్జనములో, తనకు జరిగిన యపకారమునకు ఎంత కోపము తగునని తోచునో అంత కోపమును పూనకుండుటయు చేరియున్నది. ఈ తొమ్మిదవ గుణమును చదువరులు జ్ఞాపకమున నుంచుకొనవలెను. దానితో మరల పనియున్నది.

చిన్న పుస్తకము కుట్టి, గుణమునకొక పుటచొప్పున ఎఱ్ఱసిరాతో గీతలు గీసెను. అడ్డముగా వారములు ఏడు, నిలువుగా గుణములు పదమూడు. రాత్రి పరుండబోవునపుడు ఆనాటి తప్పుల నెమకి, ఆ గడిలో నల్లచుక్క పెట్టుట. చిత్రగుప్తుడు వ్రాయవలసిన చిట్టాను బ్రతికియుండగనే తాను వ్రాసికొనెనన్నమాట. అన్నిటిని ఒక్కసారి పట్టుకొనలేదు. వారమునకొక గుణముపై దృష్టి నిలిపి, తక్కినవానిని మామూలుగా విడిచెను. తోటమాలి కలుపంతయు ఒక్కనాడు పెఱుకబోక మడి వెంట మడి తీయునట్లు, పదమూడు వారములకొక ఆవృత్తి; ఏడాదికి నాలుగు. మితాహారపానములు ముందుంచుటకు కారణము, వానివలన బుద్ధి తేటపడి తక్కినవి సులభమగుననుట. వేకువ 5 గంటలకు లేచి ఈ దినమేమి మంచిపని చేయుదునని తన్ను తాను ప్రశ్నించుకొనుట, రాత్రి 10 గంటలకు పరుండుటకు ముందు ఏమి చేసితినని విచారించుకొనుట దినచర్య.

ఫలమేమి? తాననుకొన్న దానికంటె తనయందు తప్పులు మిక్కుటముగా నున్నవని ఆశ్చర్యపడెను. పాత చుక్కలు గోకి క్రొత్తవి పెట్టుటచే కాగితములు చిల్లులు పడెను. అప్పుడు దంతపు పలకలపై గీతలు గీసి, సీసపు కడ్డీతో చుక్కలు పెట్టి, తడి స్పంజితో తుడుచుకొనసాగెను. క్రమమను గుణము, అనగా ప్రతి వస్తువునకు చోటు, ప్రతి పనికి వేళ, ఆతనికి ఎన్నటికిని పట్టువడలేదు. వాడుకదారులు వేళాపాళ లేక వత్తురు. జ్ఞాపకశక్తి మెండగుటచే కాగితము లెక్కడపడిన నేమను నిర్లక్ష్యము. ఈ సందర్భమున గొడ్డలి యంతయు అంచువలె తళతళలాడవలెనని కమ్మరియొద్దకు వచ్చి, సానచక్రము తానే త్రిప్పవలసివచ్చి అలసి, మచ్చలున్న గొడ్డలియే తనకిష్టమని పోయినవాని కథ నాతడు తనమీదికే చెప్పుకొనెను. నేను ముప్పది సంవత్సరములకు పైగా బాలుర తప్పులకు ఎఱ్ఱసిరాతో గీతలు గీచితిని. నా తప్పులకు పట్టిక వేసికొన్నది మాత్రము ఉద్యోగవిరమణానంతరమే. మూడు వారములు సాగినది. మితభాషణపు వరుస నల్లనైపోయినది. కాని మూడవ వారమున ఇంట నా స్వరము తగ్గినదని మా యింటివారు గమనించిరి.

వినయము మొదట పట్టికలో లేదు. నీవు గర్వివని జనులనుచున్నారని ఒక క్వేకరు మిత్రుడు నిదర్శనములతో చెప్పగా చేర్చెను. నిజమైన వినయము కలిగెనని యాతడు చెప్పుకొనలేదు. వేషము మాత్రము అబ్బినదని యొప్పుకొనెను. నిస్సంశయముగా, తప్పక అను మాటలను మాని, నాకిట్లు తోచుచున్నది అని పలుకుట నలవఱచుకొనెను. సభలలో తన మాట చెల్లుటకు ఈ మార్పే కారణమని యాతని విశ్వాసము.

ఈ శిక్షణతోపాటు వ్యాపారము వృద్ధియయ్యెను. 1732నుండి 25 సంవత్సరములు ప్రకటించిన పంచాంగము పేదల యిండ్లకు గూడ చేరెను. 1748లో, 42వ యేట, వ్యాపారమును భాగస్వామి కప్పగించి విరమించెను. పిదప విద్యుచ్ఛాస్త్ర పరిశోధనలు, 1752లో గాలిపటపు ప్రయోగము, పిడుగునుండి ఇండ్లను కాపాడు ఇనుపకడ్డీ, ఇవి బాలురెఱిగినవే. తాను కల్పించిన పొయ్యిపై ప్రత్యేకాధికార మిత్తుమన్నను పుచ్చుకొనలేదు. అంతగా తెలియని పని యొకటి కలదు. 1751లో డాక్టరు థామసు బాండునకు తోడై ఫిలడెల్ఫియాలో బీద రోగులకును, మతి చెడినవారికిని వైద్యశాల నెలకొల్పించెను. ప్రజలు 2,000 పౌనులు కూర్చినచో సర్కారును 2,000 పౌనులియ్యవలెనను షరతు నాతడే యూహించి ఉభయులచేతను ఇప్పించెను. మతి చెడుటను పాపఫలమనియు పిశాచబాధ యనియు తలంచువారు మెండుగానున్న కాలమున వారిని రోగులలో చేర్చుట స్వల్పవిషయము కాదు.

1772లో జోసెఫు ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు, క్రొత్త కొలువునకు పోదునా మానుదునా యని కలతపడి సలహా యడిగెను. ఫ్రాంక్లిను ఏది చేయుమనియు చెప్పక, నిశ్చయించుకొను విధము వ్రాసెను. కాగితమును గీతతో రెండు పాళ్లు చేసి, ఒకవైపు అనుకూలములు, వేఱొకవైపు ప్రతికూలములు మూడు నాలుగు దినములు తోచినపుడెల్ల వ్రాయవలెను. సమానబలము గలవానిని ఇరువైపుల కొట్టివేయవలెను. మిగిలినదేదో చూచి, మఱి రెండు దినము లాగి నిశ్చయింపవలెను. ఒక కారణము కంటిముందున్నపుడు రెండవది మఱుగుపడుటయే మన కలతకు మూలమని యాతడు కనిపెట్టెను. వివాహసంబంధములు, ఉద్యోగములు ఒక్క రాత్రిలో తేల్చుకొని పిమ్మట చింతించువారికి ఖర్చులేని యౌషధమిది.

మనశ్శాంతి పరీక్షకు వచ్చిన దినము 1774 జనవరి 29. అమెరికా పక్షమున లండనులో వ్యవహరించుచుండగా, ఒక గవర్నరు వ్రాసిన రహస్యలేఖలను బయటపెట్టెనను నేరముపై రాజమంత్రిసభ యెదుట, 68 ఏండ్ల వృద్ధుని నిలువబెట్టి, వెడ్డర్‌బర్ను అను న్యాయాధికారి దాదాపు ఒక గంటసేపు దొంగయని తిట్టెను. సభికులు నవ్విరి. ఫ్రాంక్లిను ముఖమున కండరమైన కదలలేదు. ఒక్క మాట పలుకలేదు. కొద్ది దినములలోనే తపాలాశాఖలోని యుద్యోగము పోయెను. ఆనాడు ధరించిన మఖ్మలు దుస్తులనే 1778లో ఫ్రాన్సుతో సంధిపత్రముపై చేవ్రాలు చేయునాడు మరల ధరించెనని చెప్పుదురు. అది నిజమైనచో, ముఖము మఱచినను మనసు మఱవలేదన్నమాట.

అంతకంటె కఠినమైన పరీక్ష ఇంటిలోనే వచ్చెను. 1736లో నాలుగేండ్ల కొడుకు ఫ్రాన్సిసు మశూచిచే పోయెను. టీకా వేయించకపోతినని జీవితాంతము వగచి, ఇతర తలిదండ్రులు మోసపోకుండుటకై ఆ మాటను దాచక వ్రాసెను. పెద్దకుమారుడు విలియము వివాహపూర్వమున కలిగినవాడు, ఇంటనే పెరిగెను. గాలిపటము ప్రయోగమున తండ్రికి తోడుగా నిలిచినవాడాతడే. 1771లో తండ్రి స్వీయచరిత్రము నారంభించినపుడు దానిని ఆ కుమారుని సంబోధించియే వ్రాసెను. విలియము న్యూజెర్సీ రాష్ట్రమునకు రాజుగారి గవర్నరు. 1776లో అమెరికా స్వాతంత్ర్యప్రకటనపై తండ్రి చేవ్రాలు చేసెను. కొడుకు రాజపక్షమును విడువలేదు. చెఱసాలలో పడెను. 1777లో భార్య న్యూయార్కులో మరణశయ్యపై నుండగా చూచిరానీయలేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట, 1784లో, విలియము లండనునుండి తండ్రికి సఖ్యమును కోరి వ్రాసెను. తండ్రి యప్పుడు పారిసు దగ్గఱి పాసీ గ్రామమున నుండెను. పదమూడు గుణముల పట్టికను వివరించు స్వీయచరిత్ర భాగమును ఆతడు వ్రాసినదియు ఆ సంవత్సరముననే, ఆ గ్రామముననే. ముసలితనమున కన్నకొడుకే విడిచి, తనపై ఆయుధము పట్టెనను నొప్పి తన్నింతగా ఏదియు బాధింపలేదని ప్రత్యుత్తరము వ్రాసెను. 1785లో స్వదేశమునకు మరలుచు సౌతాంప్టను రేవున కొడుకును కలిసికొనెను. అక్కడ జరిగినది ఆస్తుల వ్యవహారమే, మనసులు కలియలేదు. తొమ్మిదవ గుణము యొక్క గడిలో ఆ రాత్రి చుక్క పెట్టుకొనెనో లేదో చెప్పువారెవరు? శత్రుదేశముతో సంధి కుదిర్చిన మహానుభావునికి కొడుకుతో సంధి కుదరలేదు. నేను దీనిని తప్పులు వెదకుటకు వ్రాయుట లేదు. మన కుటుంబములలో ఆస్తి తగవులవలనను, పెండ్లి తగవులవలనను ఒకరి గడప నొకరు త్రొక్కని తండ్రికొడుకులను నేనెఱుగుదును. వారు చదువుదురని వ్రాయుచున్నాను.

మఱియొక లెక్కను మాత్రమాతడు చివరి దినములలో సరిచేసికొనెను. యౌవనమున తన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు వేసినవాడు. ఇంట బానిసల నుంచుకొన్నవాడు. 1787లో దాస్యనిర్మూలన సంఘమున కధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుమని దేశ మహాసభకు విజ్ఞప్తి పంపెను. అప్పటికి వయస్సు 84. మూత్రాశయమున రాయి యేర్పడి మంచము పట్టియుండెను. సభవారు దానిని త్రోసిపుచ్చిరి. ఏప్రిలు 17 తేదీన మరణించెను. సుమారు 20,000 జనులు శవము వెంట నడచిరి.

మరణశాసనమున, తాను పుట్టిన బోస్టనునకును పెరిగిన ఫిలడెల్ఫియాకును చెరి 1,000 పౌనులిచ్చి, పని నేర్చుకొని క్రొత్తగా కాపురము పెట్టిన చేతిపని యువకులకు నూటికి 5 వడ్డీతో అప్పులిచ్చుచు 200 సంవత్సరములు నిధిని పెంచవలెనని వ్రాసెను. 1990లో గడువు తీరునప్పటికి బోస్టను నిధి సుమారు 50 లక్షల డాలరులకును, ఫిలడెల్ఫియా నిధి 20 లక్షల డాలరులకు పైగాను పెరిగెను. మొగము తెలియని పనివాండ్రకిట్లు ఏర్పాటు చేసిన ఆ పత్రమునందే, విలియమునకు నోవాస్కోషియాలోని కొంత భూమియు, అప్పటికే యాతనియొద్దనున్న పుస్తకములును కాగితములును, పాత బాకీల మాఫీయు మాత్రము చెందునట్లు వ్రాసెను. విలియము మరల అమెరికాకు రాలేదు.