ఘంటసాల పద్యము

పద్యనాటకములు జనులను తెల్లవార్లు మేలుకొలిపిన కాలమది. పద్యాంతమున రాగమెంత సాగిన నటుడంత ఘనుడని పెక్కుమంది తలచెడివారు. వన్సుమోరు కేకలతో పందిరి దద్దరిల్లెడిది.

1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు వేఱొక త్రోవ పట్టెను. ఆయన విజయనగరమున మధుకరమెత్తుకొని భుజించుచు, పట్రాయని సీతారామశాస్త్రి కడ సంగీతము నేర్చెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెఱసాలకేగెను. పిదప మద్రాసు చేరి చలనచిత్రములలో పాడసాగెను.

పద్యము పాడునపుడాయన రాగమును కుదించి, అర్థము తెలియునట్లు పదములను విఱిచి పలికెను. రాగము లేనిది పద్యమా యని నాటకాభిమానులు పెదవి విఱిచిరి. మాట వినబడని రాగమేల యని తక్కినవారు వాదించిరి. మొదటివారిది వట్టి మొండితనము కాదు. మైకు లేని పందిట చివరి వరుసవానికి వినిపింపవలెనన్న గొంతెత్తి సాగదీయక తప్పదు గదా! ఘంటసాలకు మైకు తోడుండెను. కరుణశ్రీ పుష్పవిలాపమును రికార్డుపై వినిన పామరునికి సైతము పువ్వుల మొర తెలిసెను. కరీంనగరు జిల్లా హనుమాజీపేటలో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి 1962 నాటి గులేబకావళి కథకు వ్రాసిన పాటలలోను ఆ గొంతు మాటనే ముందు నిలిపెను.

1970లో పద్మశ్రీ లభించెను. 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణించెను. శ్లోకమును పాడి, తాత్పర్యమును తేట తెలుగు మాటలలో చెప్పిన భగవద్గీత రికార్డు ఆ పిమ్మటనే వెలువడెను.