భూమి వంపును గొలుసుతో కొలిచిన లాంబ్టన్

కరీంనగర్‌లో రాత్రి ఉత్తరం దిక్కు చూస్తే ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో, ఆదిలాబాద్‌లో అంతకంటే జర పైన కనిపిస్తుంది. చెయ్యి ముందుకు చాపి చిటికెన వేలు అడ్డం పెడితే దాని మందం కన్నా కొంచెం ఎక్కువ, అంతే తేడా. డిగ్రీల్లో చెప్పాలంటే దాదాపు ఒకటింబావు. నేల వంగి ఉంది కాబట్టే ఈ తేడా. మరి సరిగ్గా ఒక్క డిగ్రీ తేడా రావాలంటే నేల మీద ఎంత దూరం పోవాలి? ఈ లెక్క కోసమే విలియం లాంబ్టన్ అనే ఆంగ్లేయుడు తన జీవితంలో చివరి 20 ఏళ్లు మన దక్షిణాది గుట్టల మీద గడిపాడు.

ప్రశ్న ఆయనది కాదు, చాలా పాతది. 9వ శతాబ్దంలో ఖలీఫా మామూన్ పంపిన పండితులు సింజార్ మైదానంలో ఉత్తరానికి ఒక జట్టు, దక్షిణానికి ఒక జట్టుగా విడిపోయి, ఆకాశంలో ఒక డిగ్రీ మారేదాకా నేలను కొలుచుకుంటూ పోయారు. తర్వాత అల్ బిరూనీ కొండ మీద నిలబడి, దిగంతం ఎంత కిందికి వాలిందో చూసి భూమి వ్యాసార్థం లెక్కగట్టాడు. లాంబ్టన్ నాటికి ప్రశ్న ఇంకా సన్నబడింది. ఒక డిగ్రీ దూరం అన్ని చోట్లా ఒకటేనా? భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుందని న్యూటన్ సిద్ధాంతం. అదే నిజమైతే ఉత్తరానికి పోయే కొద్దీ వంపు తగ్గాలి, డిగ్రీ పొడవు పెరగాలి.

లాంబ్టన్ 1750లలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. ఫౌజులో చేరి అమెరికా యుద్ధానికి పోయాడు, చాలా ఏళ్లు కెనడా వైపే ఉండిపోయాడు. హిందుస్తాన్‌కు వచ్చేసరికి 40 దాటింది. ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 1799లో శ్రీరంగపట్నం మీద పడి టిప్పు సుల్తాన్‌ను షహీద్ చేసిన సైన్యంలో ఈయన కూడా ఉన్నాడు. ఆ దండయాత్రలో ఒక రాత్రి తమ దళం దారి తప్పి శత్రు శిబిరం వైపే పోతున్నదని నక్షత్రాలు చూసి హెచ్చరించింది కూడా ఈయనే. మైసూర్ చేతికి చిక్కగానే దక్షిణాదిని సర్వే చేస్తానని కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడు. కంపెనీకి కావాల్సింది పాలించడానికి, పన్నులకు పనికొచ్చే నక్షా. ఈయనకు కావాల్సింది భూమి ఆకారం. రెండు అవసరాలూ ఒకే ఖర్చులో కలిసిపోయాయి.

1802 ఏప్రిల్‌లో మద్రాస్‌లోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పని మొదలైంది. వంద అడుగుల ఉక్కు గొలుసు. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకుపోతే వద్దని తిప్పిపంపిన సామానులోది అది! ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, పైన డేరాల నీడ పెట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టారు. అట్లా దాదాపు 400 సార్లు పరిస్తే ఏడున్నర మైళ్ల తిన్నని గీత తేలింది. పట్టిన సమయం 57 రోజులు.

అక్కడి నుంచి గొలుసుతో పెద్దగా పని లేదు. గీత రెండు కొసల నుంచి దూరంలోని గుట్టను చూసి కోణాలు కొలిస్తే త్రికోణం తయారు, మిగతా రెండు భుజాలు లెక్కలో వస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రికోణం. ఇట్లా అల్లుకుంటూ పోయి, కొన్ని వందల మైళ్ల తర్వాత మళ్లీ ఒక గీతను గొలుసుతో కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిచూస్తారు. దుకాణాల్లో చిట్టా, ఖాతా టాలీ చేసినట్టే. బెంగళూరు దగ్గర టాలీ చేస్తే ఏడు మైళ్ల గీతలో తేడా నాలుగు అంగుళాల లోపే!

కోణాలు కొలిచే థియోడొలైట్ బరువు అర టన్ను. ఇంగ్లండ్ నుంచి వస్తుంటే ఫ్రెంచివాళ్లు ఓడతో సహా పట్టుకుని, అదేమిటో తెలిశాక మర్యాదగా తిరిగి పంపేశారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు జారి గోడకు కొట్టుకుంది, దాని చక్రం వంగిపోయింది. ఇంకెవరైనా అయితే లండన్‌కు ఉత్తరం రాసి కూర్చునేవారు. లాంబ్టన్ దాన్ని బెంగళూరు తీసుకుపోయి, డేరాలో వారాల తరబడి కూర్చుని మేకులతో, మరలతో లాగి లాగి గుండ్రానికి తెచ్చాడు. దుర్బిన్‌తో జనానాల వైపు చూస్తున్నారేమోనని ఊళ్లలో అనుమానాలూ వచ్చాయి. గుట్టలెక్కి పరాయి మనిషి తమ ఇళ్ల వైపు గొట్టం తిప్పితే ఎవరికైనా వస్తుంది.

ఇక గణితం. తాడుకు గుండు కట్టి వేలాడదీస్తే అది కిందికి ఒక దిక్కు చూపిస్తుంది. దాన్ని ఒక బాణం అనుకోండి. మనం ఉత్తరానికి కదిలితే ఆ బాణం కొద్దిగా తిరుగుతుంది. బాణం ఎంత తిరిగింది, దాన్ని మనం నడిచిన దూరంతో భాగిస్తే వచ్చేదే ఆ చోట వక్రత. దూరాన్ని బట్టి దిక్కు మారే బాణాన్నే ఇవ్వాళ డిగ్రీ పుస్తకాల్లో సదిశా ప్రమేయం అంటున్నారు, అది ఎంత జోరుగా తిరుగుతుందో చెప్పేది దాని అవకలజం. లాంబ్టన్‌కు ఈ భాష తెలియదు. వెక్టర్ల లెక్క పుస్తకాల్లోకి వచ్చింది ఆయన పోయిన అర్ధ శతాబ్దం తర్వాతనే. కానీ చేసింది అదే. గొలుసు, త్రికోణాలు దూరం చెప్పాయి, నడినెత్తిన నక్షత్రాలను చూసే జెనిత్ సెక్టర్ బాణం ఎంత తిరిగిందో చెప్పింది.

తేడా ఎంతనుకుంటున్నారు? ఇప్పటి లెక్క ప్రకారం ఒక డిగ్రీ పొడవు కన్యాకుమారి దగ్గర సుమారు 110.6 కిలోమీటర్లు, ఆదిలాబాద్ దగ్గర 110.7. వంద మీటర్లు! దాని కోసమే ఇదంతా. పైగా కొన్ని చోట్ల భూమి లోపలి బరువు గుండును పక్కకు లాగి లెక్కను తప్పుదారి పట్టించేది. అట్లాంటివి ఏరి పక్కన పెడుతూ, భూమి నొక్కుడు 310లో ఒక వంతు అని తేల్చాడు. ఇప్పటి లెక్క 298లో ఒక వంతు.

1815 నాటికి త్రికోణాలు బీదర్ దాకా వచ్చాయి. హైదరాబాద్ గద్దె మీద అప్పుడు సికిందర్ జా. అసలు రేఖ ఆదిలాబాద్‌కు పడమట నుంచి పైకి పోయింది. తూర్పున కృష్ణా, గోదావరి మధ్య అడవులను సర్వే చేయడానికి లాంబ్టన్ తన కొత్త సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్‌ను పంపాడు. 1819 వానల్లో ఆ జట్టు మొత్తం అడవి జ్వరంతో పడిపోయింది. చనిపోయిన కూలీలు, సిపాయిల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరెస్ట్ మాత్రం బతికి, ఆరోగ్యం కోసం ఆఫ్రికా కొసకు ఓడెక్కాడు.

లాంబ్టన్‌కు అప్పటికి దాదాపు 70. దగ్గు పట్టుకుంది. సర్వే కచేరీని హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్‌కు మారుస్తూ దారిలోనే 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్ పోయే 44వ నంబర్ హైవే మీద వచ్చే ఊరు అదే. ఆయన కబర్ అక్కడే ఉంది.

మిగిలిన పని ఎవరెస్ట్ చేపట్టి 1841లో డెహ్రాడూన్ దాకా చేర్చాడు. ఆ పనిముట్లను విప్పి, బాగుచేసి నిలబెట్టినవాడు ఆర్కాట్ నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న ఆంగ్లేయుడికి ఇచ్చిన జీతం మాత్రం ఆయనకు ఇవ్వలేదు. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఆ ఎత్తు లెక్కకు ఆధారమైన త్రికోణాల వరస మద్రాస్ ఎండలో లాంబ్టన్ పరిచిన గొలుసు దగ్గరే మొదలవుతుంది.