గుంట కాడ చదువుకున్నా డిగ్రీ డిగ్రీనే: గిడుగు పంతులు పదిహేడేళ్ళ లెక్క

జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం... మన నెల్లూరు సముద్రం ఒడ్డున యే ఊరికి పోయినా ఇరవై ఏళ్ళ పిలకాయల్ని అడిగి చూడండి. టెన్త్ అయ్యిందంటారు, ఇంటర్ మధ్యలో ఆగిపోయిందంటారు, ఇంక చదువు కత ముగిసినట్టేనంటారు. ఒకడు రొయ్యల గుంట కాడ రాత్రంతా ఏరేటర్లు చూసుకుంటా ఉంటాడు. ఇంకొకడు నాయన ఎంబడి పడవెక్కతాడు. ఆడబిడ్డయితే పెళ్ళయి అత్తగారింట్లో ఉంటది. కాలేజీకి పోలేదు కాబట్టి డిగ్రీ మనకు రాసిపెట్టి లేదు అనే మాట అందరి నోటా ఒకటే.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి నూట నలభై ఏళ్ళ నాటి ఒక మనిషి బతుకు చెప్తాను. ఆయన పేరు మీకందరికీ తెలుసు. ఆగస్టు 29 వస్తే బళ్ళో ఆయన పటానికి దండేస్తారు. తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజు నాడే. గిడుగు వెంకట రామ్మూర్తి పంతులు. వాడుక భాష కోసం కొట్లాడినాడని పుస్తకాల్లో ఉంటది. అయితే ఆయన డిగ్రీ ఎట్టా తెచ్చుకున్నాడో మనకు ఎవురూ చెప్పలేదు.

రామ్మూర్తి 1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున పర్వతాలపేట అనే పల్లెలో పుట్టినాడు. నాయన వీర్రాజు చిన్న రెవిన్యూ ఉద్యోగి. రామ్మూర్తికి పన్నెండేళ్ళప్పుడు, 1875లో, ఆ నాయన జ్వరమొచ్చి పోయినాడు. సంపాదించే చెయ్యి పోతే ఇల్లు ఎట్టుంటదో మన ఒడ్డు పిలకాయలకు ఒకరు చెప్పబళ్ళేదు. రామ్మూర్తి విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజా వారి బళ్ళో చదివినాడు. అదే బళ్ళో ఆయన జతగాడు గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్ పాసయినాడు. అంటే ఇప్పటి మన టెన్త్ అనుకోండి.

ఆడ నించి కాలేజీకి పోయే దారి లేదు. ఇల్లు గడవాలి. 1880లో పర్లాకిమిడి రాజా గారి బళ్ళో చిన్న తరగతికి చరిత్ర చెప్పే పంతులుగా చేరినాడు. జీతం నెలకు ముప్పై రూపాయలు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. ఆ రోజుల్లో మెట్రిక్ చదివి సర్కారు పనో బడి పనో దొరికితే చాలనుకునేవాళ్ళే జాస్తి. ఆయన అట్టా అనుకోలేదు. పొద్దున బళ్ళో పాఠం చెప్పడం, మిగిలిన పొద్దు తన పాఠం తాను చదువుకోవడం మొదలుపెట్టినాడు.

ఈడ ఒక సంగతి తెలుసుకోవాల. 1857లో పెట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయం పద్ధతిలో కట్టింది. మొదట్లో దాని ముఖ్యమైన పని పాఠాలు చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. ఆ లండన్ వాళ్ళయితే 1858 నించే యాడ చదువుకున్నా వచ్చి పరీక్ష రాసుకోమని తలుపు తీసినారు. దూరవిద్య అనే పేరు తర్వాత వచ్చింది గానీ, ఆ పని అప్పటికే మొదలయింది. మద్రాసు పరీక్షలకు కాలేజీలో కూర్చోకుండా ప్రైవేటుగా కట్టిన పంతుళ్ళలో మన రామ్మూర్తి ఒకడు.

ఎఫ్.ఎ. పరీక్ష, అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, ఆయన 1886లో ప్రైవేటుగా పాసయినాడు. మెట్రిక్‌కీ దీనికీ మధ్య ఏడేళ్ళు. అప్పటికి ఆయన సంసారి. కొడుకు సీతాపతికి ఏడాది దాటింది. పొద్దస్తమానం బడి, ఇంట్లో పసిబిడ్డ, రాత్రి పుస్తకం. తర్వాత బి.ఎ. అప్పట్లో బి.ఎ. భాగాలుగా ఉండేది. ఇంగ్లీషు, రెండో భాష భాగాలు ఒక పక్క, చరిత్ర భాగం ఇంకో పక్క కట్టి 1896లో పట్టా పూర్తి చేసినాడు. ఎఫ్.ఎ. నించి ఇంకో పదేళ్ళు. లెక్క కట్టండి. టెన్త్ నించి డిగ్రీకి పదిహేడేళ్ళు. చేతికి పట్టా వచ్చేసరికి వయసు ముప్పై మూడు.

ఇప్పుడు ముప్పై మూడేళ్ళకు డిగ్రీ పాసయితే మన ఊళ్ళో నవ్వుతారు. అప్పుడు నవ్వినారో లేదో గానీ ఆయన మాత్రం ఆగలేదు. బి.ఎ.కి చరిత్ర తీసుకున్నది కూడా ఊరికే కాదు. ఆయన బళ్ళో చెప్పే పాఠమే చరిత్ర. చేసే పనీ, చదివే చదువూ ఒక దోవలో పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న ముఖలింగం గుళ్ళల్లో రాళ్ళ మీద చెక్కిన శాసనాల్ని తనే చదవడం నేర్చుకుని వాటి మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాసినాడు. రాజా గారి బడి కాలేజీ అయినప్పుడు కాలేజీ తరగతులకు పాఠాలు చెప్పే అవకాశం ఆయనకొచ్చింది. కాలేజీలో కూర్చుని చదివే వీలు దొరకనోడు కాలేజీ పిలకాయలకు పాఠం చెప్పినాడు.

పట్టా కంటే పెద్దది ఇంకొకటి ఆయనకు ఆ ఏళ్ళల్లో అబ్బింది. ఒకరు చెప్పకపోయినా తనంతట తాను నేర్చుకునే అలవాటు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలుండారు. వాళ్ళ భాషకు పుస్తకం లేదు, బడి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని పంతులు ఆ భాష నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగి తిరిగి విషజ్వరం తెచ్చుకున్నాడు. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చి, చచ్చేదాకా ఉండిపోయింది. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోయినాయి. అయినా మానలేదు. సవర భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, అయ్యవార్లకు జీతాలిచ్చి సవర బిడ్డలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించినాడు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ అనే బిరుదు ఇచ్చింది. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ తర్వాత కొన్నేళ్ళకు వచ్చింది. భాషాశాస్త్రంలో ఆయనకు యే కాలేజీ పట్టా లేదు. స్వీట్, జెస్పర్‌సన్ లాంటి పెద్దోళ్ళ పుస్తకాలు తెప్పించుకుని చదువుకున్నదే.

1911లో ముప్పై ఏళ్ళ నౌకరీ చాలించుకుని వాడుక భాష పోరాటంలోకి పూర్తిగా దిగినాడు. అది కూడా పరీక్షల గొడవతోనే ముడిపడింది. 1912–13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం గ్రాంథికంలో అయినా, వాడుక భాషలో అయినా రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది. జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు గట్టిగా అడ్డం తిరిగినారు. రెండు మూడేళ్ళకే ఆ వీలు వెనక్కి పోయింది. మన నెల్లూరికి చెందిన వేదం వేంకటరాయశాస్త్రి కూడా ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పాత్ర చేత వాడి మాటే మాట్లాడించినాడు గానీ, మామూలు రాతకొచ్చేసరికి గ్రాంథికం పక్కనే నిలబడినాడు. గిడుగు వెనక్కి తగ్గలేదు. 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, తాను కార్యదర్శిగా వాడుక భాషకు ఒక సమాజం పెట్టినారు. అదే ఏడు తెలుగు అనే పత్రిక నడిపినాడు. మాట్లాడే భాషలో రాయనిస్తే పేద పిలకాయలకు పరీక్ష అందుతది, రాయనీకపోతే అందదు. ప్రైవేటుగా పరీక్షలు రాసి పైకొచ్చిన మనిషికి ఈ సంగతి వేరే వాళ్ళు చెప్పాల్నా?

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రికి వచ్చేసినాడు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూసినాడు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యబళ్ళేదు. ఆయనకు కొన్ని కలిసొచ్చినాయి. చదువుకున్న కులంలో పుట్టినాడు, మేనమామ ఇల్లుండింది, నెలనెలా జీతం వచ్చింది. అదే కాలంలో మన ఒడ్డున వల లాగేవాళ్ళ బిడ్డకు బడి గడప కూడా అందలేదు. ఆడబిడ్డల సంగతి ఇంక చెప్పేదేముంది. ఆయనకు లేని కొన్ని దారులు ఇప్పుడు మనకుండాయి. ఆ దారులేందో తెలీక వదిలేస్తుండామనేదే నా బాధ.

1982లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దాన్ని మొదట నడిపిన జి. రామిరెడ్డినే 1985లో ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. గిడుగు ఒంటిగా తొక్కిన దారిని ఇట్టాంటోళ్ళు రోడ్డు చేసి పెట్టినారు.

మరి మనం ఎట్టా పోవాల? పంతులు మాదిరి ముక్కలు చేసుకుని పోవాల.

మొదటి ముక్క ఇంటర్. అది లేకుండా డిగ్రీ మాట ఎత్తబాకండి. ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది, జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. సబ్జెక్టు సబ్జెక్టుగా కట్టుకోవచ్చు. ఇంతకు ముందు గుర్తింపు ఉన్న బోర్డులో పాసయిన సబ్జెక్టుల్లో రెండింటి దాకా, వాళ్ళ నిబంధనలకు సరిపోతే, ఈడకు మార్పించుకోవచ్చు. మధ్యలో ఆగిన ఇంటర్ అంతా బూడిదలో పోసినట్టు కాదు.

రెండో ముక్క డిగ్రీ. ఇగ్నోలో జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చేరొచ్చు. పరీక్షలు జూన్, డిసెంబర్‌లో. మూడేళ్ళ డిగ్రీకి ఆరేళ్ళ గడువుంది. ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. కొత్త విధానంలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే 3600 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఐదేళ్ళు పడతది. మూడు గంటలయితే మూడేళ్ళ మూడు నెలలు దాటతది. వేటకు పోని రోజులుంటాయి, గుంట ఎండబెట్టే రోజులుంటాయి. ఆ రోజుల్ని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని పరీక్షల్ని వాటి పక్కన సర్దుకోండి. అసైన్‌మెంట్లు టయానికి ఇవ్వకుండా పరీక్షకు కూర్చుని ఇరుక్కోబాకండి.

మూడో ముక్క ఆన్‌లైన్ కోర్సులు. కేంద్రం వాళ్ళ స్వయం వేదికలో చదవడానికి డబ్బులు అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాల. యూజీసీ నిబంధన ప్రకారం ఒక సెమిస్టర్‌లో నలభై శాతం దాకా క్రెడిట్లు ఇట్టా తెచ్చుకోవచ్చు. అయితే మీ విశ్వవిద్యాలయం ఆ కోర్సును ఒప్పుకోవాల. ముందు అడగండి, తర్వాత చేరండి. 2021లో వచ్చిన క్రెడిట్ల బ్యాంకులో ఖాతా తెరిస్తే సంపాదించిన క్రెడిట్లు దాంట్లో ఉంటాయి. అమెరికాలో 1967 నించి క్లెప్ అని ఒక పద్ధతుంది. పరీక్ష పాసయితే ఆ సబ్జెక్టు క్లాసులో కూర్చోకుండానే కాలేజీ క్రెడిట్ ఇస్తారు. దాంతో పోలిస్తే మన ఏర్పాటు ఇంకా బుడిబుడి నడకలే. అయినా గిడుగుకు దొరికిన దానికంటే మెండు.

నాలుగోది ముక్క కాదు, హెచ్చరిక. ఒకే దెబ్బకు మూడేళ్ళ పరీక్షలు రాయించి పట్టా చేతిలో పెడతామనే వాళ్ళు టౌన్లో కనపడతారు. వాళ్ళకు రూపాయి ఇవ్వబాకండి. చేరే ముందు యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ ఏడాదికి ఉందో లేదో చూడండి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో చెల్లవు. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మాత్రం కాలేజీ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ తేల్చి చెప్పింది. ఉద్యోగానికి కట్టేటప్పుడు ఆ మాట గుర్తు పెట్టుకోండి.

ఆగస్టు 29కి మళ్ళీ దండలు తెస్తారు. ఆ దండ కింద ఉన్న మనిషి ముప్పై రూపాయల పంతులుగా రాత్రిపూట పుస్తకం తెరిచి, పదిహేడేళ్ళు మూయలేదు. మీకు ఐదారేళ్ళు చాలు. ఈ రాత్రి ఏరేటర్లు ఆన్ చేసి వచ్చి కూర్చున్నాక ఫోన్లో రీల్స్ పక్కన పెట్టి, మీ పాత మార్కుల మెమోలు యాడుండాయో ముందు ఎతకండి.