కలలో వచ్చిన ఆజ్ఞతో తెలుగు కావ్యం.. శ్రీకృష్ణదేవరాయల జీవితంలో ఆ రాత్రి ఏం జరిగింది?

శ్రీకృష్ణదేవరాయలు అనగానే యుద్ధాలు, అష్టదిగ్గజాలు, హంపి గుర్తొస్తాయి. కానీ ఆయన రాసిన ఆముక్తమాల్యద వెనుక ఒక కల ఉందని చాలామందికి తెలియదు. ఆ సంగతి ఎవరో పుట్టించిన కథ కాదు. కావ్యం మొదట్లో రాయలే స్వయంగా చెప్పుకున్నారు. అసలు ఆ కల ఏంటి? ఈ రోజుల్లో యూత్ నేర్చుకుంటున్న లూసిడ్ డ్రీమ్స్‌కీ, దానికీ పోలిక ఉందా? చూద్దాం.

పెనుకొండతో బంధం

హిందూపురం నుంచి ధర్మవరం వైపు రైల్లో వెళ్తే మధ్యలో పెనుకొండ వస్తుంది. విజయనగర రాజులకు ఇది పెద్ద కోట. ఇక్కడి గగన్ మహల్ రాజులకు వేసవి విడిది అని చెబుతారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక రాజధాని ఇక్కడికే మారింది. హిందూపురం పక్కనున్న లేపాక్షి ఆలయం రాయల తమ్ముడు అచ్యుతదేవరాయల కాలం నాటిది. అంటే ఈ ప్రాంతం వాళ్లకు రాయలు పుస్తకాల్లో రాజు మాత్రమే కాదు, మన ఊరి మనిషే.

తుళువ నరసనాయకుడు, నాగమాంబల కొడుకు రాయలు. అన్న వీరనరసింహరాయలు చనిపోయాక 1509లో సింహాసనం ఎక్కారు. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని పట్టుకోవడానికి ఏడాదికి పైగానే పట్టింది. 1515లో కొండవీడు దక్కింది. ఆ తర్వాత సింహాచలం దాకా వెళ్లారు. అక్కడి గుడిలో ఆయన శాసనం ఇప్పటికీ ఉంది.

శ్రీకాకుళంలో ఆ రాత్రి

కళింగం మీదికి దండెత్తి వెళ్తూ రాయలు విజయవాడలో కొన్ని రోజులు ఆగారు. అక్కడి నుంచి ఆంధ్రమహావిష్ణువు దర్శనానికి శ్రీకాకుళం వెళ్లారు. ఇది ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం టౌన్ కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఉన్న ఊరు.

ఆ రోజు హరివాసరం, అంటే విష్ణువు కోసం ఉపవాసం ఉండే రోజు. రాయలు ఉపవాసం చేసి అక్కడే నిద్రపోయారు. రాత్రి నాలుగో జాములో కల వచ్చింది. చామనఛాయ, పెద్ద కళ్లు, బంగారు పట్టువస్త్రం, మెడలో కౌస్తుభం.. చేతిలో తామరపువ్వు పట్టుకున్న దేవితో స్వామి కనిపించాడు. రాయలు సంస్కృతంలో రాసిన మదాలసా చరిత్ర, రసమంజరి లాంటి పుస్తకాలను పేరుపేరునా ప్రస్తావించాడు. శ్రీరంగంలో గోదాదేవితో జరిగిన తన పెళ్లి కథను ఇప్పుడు తెలుగులో రాయమన్నాడు. కావ్యాన్ని తిరుమల వేంకటేశ్వరుడికి అంకితం ఇమ్మన్నాడు. తెలుగే ఎందుకో కూడా చెప్పాడు. తానున్నది తెలుగు నేల, ఆ భాష గొప్పది అన్నది ఆ మాటల సారాంశం.

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. గోదాదేవి, అంటే ఆండాళ్, తమిళంలో పాడిన నాచ్చియార్ తిరుమొళిలో తన పెళ్లిని తానే కలగంటుంది. ఆ కల పాటను వైష్ణవుల పెళ్లిళ్లలో ఇప్పటికీ పాడతారు. అంటే రాయలకు కలలో దొరికింది కూడా ఓ కలలరాణి కథే!

తెల్లారి ఏం చేశారంటే..

లేవగానే పూజలు ముగించారు. కొలువుకు వచ్చిన సామంతులను, దండనాయకులను త్వరగా పంపించేశారు. వేదపండితులను పిలిపించి కల మొత్తం చెప్పారు. యుద్ధం మధ్యలో ఉన్న రాజు ముందు కల సంగతి తేల్చుకున్నాడన్నమాట! అలా పుట్టిందే ఆరు ఆశ్వాసాల ఆముక్తమాల్యద. అందులో దేవుడి పెళ్లి ఒక్కటే కాదు.. ఎండలు, వానలు, రైతుల కష్టాలు, రాజ్యం నడిపే పద్ధతులు అన్నీ ఉంటాయి.

సైన్స్ ఏం చెబుతోంది?

కలలో ఉండగానే ఇది కల అని తెలియడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. 1913లో డచ్ డాక్టర్ ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ రాసిన వ్యాసంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్ దీన్ని ల్యాబ్‌లో రికార్డు చేశారు. నిద్రలో ఉన్న వ్యక్తి ముందే అనుకున్నట్టు కళ్లు కదిపి సిగ్నల్ ఇచ్చాడు. ఆ తర్వాత అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ దీన్ని నేర్చుకునే పద్ధతులు తయారుచేశారు.

రాయల కలను లూసిడ్ డ్రీమ్ అనేయలేం. కానీ పోలికలు మాత్రం ఆసక్తికరం. నాలుగో జాము అంటే రాత్రి చివరి మూడు గంటలు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర ఎక్కువసేపు ఉండేది అప్పుడే. పడుకునే ముందు మనసును ఒకే విషయం మీద పెట్టడం, లేవగానే కలను పూర్తిగా చెప్పడం.. నేర్చుకునేవాళ్లు మొదట చేసేవి కూడా ఇవే.

మీరూ ట్రై చేయాలంటే పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి. మెలకువ రాగానే కదలకుండా కలను గుర్తు చేసుకుని రాయండి. ఈసారి కల వస్తే అది కలేనని గుర్తుపట్టాలి అని అనుకుంటూ మళ్లీ పడుకోండి. కొందరికి వారాలు పట్టొచ్చు. నిద్ర సమస్యలున్నవాళ్లు మాత్రం మధ్యలో అలారం పెట్టుకుని లేవొద్దు. అర్ధరాత్రి దాటేదాకా వీడియోలు చూసి, పొద్దున్నే అలారంతో లేచేస్తే పోయేది ఆ నాలుగో జాము నిద్రే.

చివరి రోజులు

రాయల చివరి కాలం కలలా సాగలేదు. చిన్న వయసులోనే పట్టం కట్టిన కొడుకు తిరుమల చనిపోయాడు. అనుమానంతో మంత్రి తిమ్మరుసును జైల్లో వేసి కళ్లు తీయించారని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. తిమ్మరుసు చివరి రోజులు పెనుకొండలోనే గడిచాయని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1529లో రాయలు కన్నుమూశారు. గెలిచిన కోటలన్నీ తర్వాత చేతులు మారాయి. కలలో మాట విని రాసిన తెలుగు కావ్యం మాత్రం పంచకావ్యాల్లో ఒకటిగా నిలిచింది.