రెంబ్రాంటు - మూడు చెట్లు

చెన్నపురినుండి కాట్పాడికి రైలులో పోవువారు తిరువలముకడ పొన్నై నదిని దాటుదురు. చిత్తూరుసీమనుండి నీవా యను పేర దిగివచ్చు ఆ యేటి యొడ్డున బిల్వనాథేశ్వరుని ఆలయము కలదు. వానకాలమున ఆకాశ మొకదెస కాటుకవలె నల్లబడి, వేఱొకదెస తెల్లగా వెలుగుచుండగా, చదునైన పొలములలో చెట్లు నిలిచియుండుట నచ్చట చూచినవారికి, డచ్చి చిత్రకారుడగు రెంబ్రాంటు 1643లో రచించిన 'మూడు చెట్లు' అను చెక్కడపుపటము పరదేశపు వస్తువుగా తోచదు. అయితే దాని యర్థమును దేనియందు వెదకవలెను? ఆతని జీవితమునందా, ఆ గీతలయందా?

రెంబ్రాంటు 1606 జూలై 15వ తేదీన లైడెను పట్టణమున నొక మరవాని యింట జన్మించెను. 1631 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డాము చేరి, ధనికుల రూపచిత్రములు వ్రాసి కీర్తి గాంచెను. 1634లో సాస్కియాను వివాహమాడెను. 1639లో 13,000 గిల్డర్ల వెలకు గొప్ప యిల్లు కొనెను. మొదటి ముగ్గురు బిడ్డలును పసితనముననే పోయిరి. నాలుగవవాడగు టైటస్ పుట్టిన మఱుసటి యేడు, 1642లో, సాస్కియాయు మరణించెను. మూడు చెట్ల పటము ఆ తరువాతి సంవత్సరమునకు చెందినది. కావుననే కొందఱా తుపానును భార్యావియోగ దుఃఖమనియు, కొందఱా చెట్లను క్రీస్తు నాటి మూడు శిలువలనియు వ్యాఖ్యానించిరి.

వ్యాఖ్యానమునకు ముందు పటమును చూడవలెను. రాగిరేకునకు మైనపుపూత పూసి, దానిపై సూదితో గీసి, ఆమ్లమున ముంచినచో, గీచినమేర లోహము తినబడును. ఆ గాళ్లలో సిరా నింపి కాగితముపై అచ్చొత్తుదురు. రెంబ్రాంటు అంతటితో తృప్తినొందక, సూదితోను ఉలితోను ఈ రేకును నేరుగ గూడ గీసెను. ఎత్తు 21, వెడల్పు 28 సెంటీమీటర్లే యైనను, ఆతని భూదృశ్యపు చెక్కడములలో నిదియే పెద్దది. ఎడమమూల వాన కొలబద్ద పెట్టి గీచినట్టి యేటవాలు గీతలై పడుచున్నది. కుడివైపున ఆకాశము గీతలేని కాగితమే. ఆ తెలుపునకు ముందు చెట్లు నల్లగా నిలిచియున్నవి.

చెట్లను మాత్రము చూచి మరలువారికి మనుష్యులు కానరారు. ఎడమప్రక్క నీటియొడ్డున నొకడు గాలము వేయుచున్నాడు. చెంత నొక స్త్రీ కూర్చున్నది. కుడివైపు పొదచీకటిలో ప్రేమికు లిరువురు దాగియున్నారు. గట్టుపై నొక చిత్రకారుడు బొమ్మ గీచికొనుచున్నాడు. దుఃఖమే ఈ పటమున కర్థమైనచో వీరందఱేల?

ఆ నేల చరిత్ర మొక సమాధానము నిచ్చును. డచ్చివారు గట్లు కట్టి, గాలిమరలతో నీరు తోడి, భూమిని సంపాదించుకొనిరి. బేమ్‌స్టర్ సరస్సు 1612లో ఎండగట్టబడి పొలమయ్యెను. స్పెయినుతో పోరు 1648వఱకు ముగియలేదు. అట్టి జనులకు తమ చదునునేలయే చిత్రింపదగిన వస్తువయ్యెను. వారి కలిమిలో మన తీరమునకును భాగమున్నది. మచిలీపట్టణమునను పులికాటునను కోఠీలు పెట్టి, ఇచ్చటి నేతబట్టలను వారు ఓడల కెక్కించిరి. రెంబ్రాంటు స్వదేశము దాటి యెఱుగడు. అయినను మొగలు చిత్రములను చూచి, తదనంతరము తన చేతితో ప్రతులు వ్రాసికొనెను. అందు ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి.

ఆతడు 1656లో దివాలా తీసెను. ఇల్లును, సేకరించిన వస్తువులును అమ్ముడుపోయెను. 1668లో టైటస్ మరణింపగా, మఱుసటి యేడు అక్టోబరు 4న తానును కన్నుమూసెను. ఆతని నద్దె సమాధిలో పూడ్చిరి.

ఇట్టి కష్టముల నెఱిగినవాడు తుపానులో వానినే వెదకుట సహజము. కాని న్యాయస్థానమునను వైద్యశాలయందును సాక్ష్యమును ముందు పరీక్షించి, తీర్పు పిమ్మట చెప్పుట మనకు నిత్యకృత్యము. పటమునెదుట ఆ నియమ మేల విడువవలెను? ఇందు తుపాను కలదు, దుఃఖమును కలదేమో. అయినను దాని క్రింద గాలము వేసినవాడు గాలము తీయలేదు. ఆ సంగతిని రెంబ్రాంటే స్వయముగ రాగిపై గీసిపోయినాడు.