దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (1897 మార్చి 8 - 1925 ఫిబ్రవరి 6) ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకరుగా పేరొందిన చిత్రకారుడు. బొంబాయిలో పాశ్చాత్య వాస్తవిక చిత్రణను అభ్యసించి, ఆ నైపుణ్యమును తెలుగువారి జీవితమును, గోదావరి ప్రకృతిని, పురాణ కథలను చిత్రించుటకు వినియోగించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మరణించినను, ఆయన నెలకొల్పిన సంప్రదాయము మిత్రుల, శిష్యుల కృషి వలన నిలిచింది.

బాల్యము, విద్య

రామారావు రాజమండ్రిలో జన్మించాడు. పాఠశాల చదువు కంటె బొమ్మలు గీయుట యందే ఆయనకు ఆసక్తి మెండు. ఆ కాలమున రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు మొదలైన యువకులను ప్రోత్సహించిన కూల్డ్రే, రామారావులోని ప్రతిభను కూడ గుర్తించాడు. ఆయన ప్రోద్బలముతో రామారావు 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు పూర్తి చేశాడు.

చిత్రణా విధానము

ఆనాడు భారతీయ చిత్రకళలో రెండు మార్గములు ప్రబలముగా ఉండేవి. బొంబాయి పాఠశాలలో విద్యార్థులు ముందుగా ప్లాస్టరు ప్రతిమలను, తరువాత ఎదుట కూర్చుండబెట్టిన మనుష్యులను చూచి గీస్తూ శరీర నిర్మాణమును, వెలుగునీడలను, దూరము, దగ్గరల భేదమును నేర్చుకొనేవారు. అవనీంద్రనాథ్ ఠాగూరు నడిపిన బెంగాలు మార్గము వాస్తవికత కంటె భావమునకు, పలుచని నీటిరంగుల పూతలకు ప్రాధాన్యమిచ్చింది. రామారావు మొదటి మార్గములో శిక్షణ పొందినను, అజంతా చిత్రములలోని రేఖా లాలిత్యమును కూడ స్వీకరించాడు. ఆయన గీసిన మనుష్యులలో శరీర సౌష్ఠవము యథాతథముగా కనిపిస్తుంది. కూర్పు, భంగిమ, అలంకరణ మాత్రము భారతీయమైనవి.

1960ల చివర అమెరికాలో తలయెత్తిన ఫోటోరియలిజము ఇందుకు భిన్నమైనది. ఆ చిత్రకారులు ఛాయాచిత్రమునే ఆధారముగా గైకొని, దానిని గళ్ళుగా విభజించి గాని, ప్రొజెక్టరుతో కాన్వాసుపై పడవేసి గాని, కెమెరా చూపిన వివరములన్నింటిని చిత్రములోనికి దించేవారు. రామారావు వాస్తవికత కంటితో చూచి పెన్సిలుతో సాధన చేసినది. పెద్ద చిత్రములతో పాటు ఆయన విడిచిపోయిన పెన్సిలు చిత్రములు, స్కెచ్ పుస్తకములు ఆ సాధనకు సాక్ష్యములు.

ముఖ్య చిత్రములు

ఋష్యశృంగ బంధనము, సిద్ధార్థ రాగోదయము, నంది పూజ, పుష్పాలంకారము, కార్తీక పౌర్ణమి ఆయన ప్రసిద్ధ చిత్రములు. ఋష్యశృంగ బంధనమునకు 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. భద్రాచలమునకు దిగువన తూర్పు కనుమలను చీల్చుకొని ప్రవహించు గోదావరిని కూడ ఆయన చిత్రించాడు. 1924లో లండనులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనలో ఆయన చిత్రములు ప్రదర్శింపబడ్డాయి.

ఆంధ్ర చిత్రకళా సేవ

చదువు ముగిసిన తరువాత రామారావు రాజమండ్రికి తిరిగివచ్చి, చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు శిక్షణ ఇచ్చాడు. తెలుగు ప్రాంతమునకు తనదైన చిత్రకళ ఉండవలెనన్నది ఆయన ఆశయము. సహచరుడు వరదా వెంకటరత్నము ఈ కార్యములో ఆయనకు కుడిభుజముగా నిలిచాడు. రామారావు భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకారిణులు. స్త్రీలు కుంచె పట్టుట అరుదైన ఆ రోజులలో ఇది విశేషము.

మరణము, స్మృతి

కీర్తి విస్తరించుచున్న సమయములో రామారావు మశూచి వ్యాధి సోకి 1925 ఫిబ్రవరి 6న మరణించాడు. కళాశాల అంతటితో మూతపడవలసినదే గాని, వరదా వెంకటరత్నము దాని భారమును వహించి, మిత్రుని చిత్రములు చెల్లాచెదరు కాకుండ కాపాడాడు. రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రకళా మందిరములో ఆ చిత్రములు భద్రపరచబడ్డాయి. పట్టుమని పదేళ్ళు కూడ సాగని ఆయన కృషిని తరువాతి తరముల వారు కన్నులారా చూడగలుగుటకు ఆ సంరక్షణమే కారణము.